పంతులమ్మ, సర్పంచమ్మ: నెల్లూరు సీమలో స్త్రీల అధికార చరిత్ర

మన తెలుగు పలుకుబడిలో ఉద్యోగమును తెలుపు మాటకు చివర ‘అమ్మ’ అని చేర్చినచో, ఆ ఉద్యోగమందున్న పురుషుని ఇల్లాలు అని మాత్రమే అర్థము వచ్చెడి కాలమొకటి యుండెను. కరణముగారి భార్య కరణమ్మ. రెడ్డిగారి భార్య రెడ్డెమ్మ. పంతులుగారి భార్య పంతులమ్మ. ఊరి లెక్కలతో కరణమ్మకు గాని, బడిలోని పలకలతో పంతులమ్మకు గాని ఏ సంబంధమును లేదు. ఈ మాటలన్నిటిలోను ముందుగా అర్థము మార్చుకొన్నది పంతులమ్మ అను మాటయే. పంతులుగారి భార్య కాక, స్వయముగా పాఠము చెప్పు స్త్రీ అను అర్థము దానికి స్థిరపడినది. ఆ పిమ్మట డాక్టరమ్మ, కలెక్టరమ్మ, సర్పంచమ్మ అను మాటలు ఒకదానివెంట నొకటి పుట్టి, తమ సొంత పదవిచేతనే గౌరవమందు స్త్రీలను తెలుపసాగినవి.

ఒక మాటకు అర్థము మారినదన్నచో దాని వెనుక కొన్ని తరముల బ్రతుకు మారినదని గ్రహింపవలెను. పెన్న సముద్రమున కలియు నెల్లూరు సీమలో ఆ మార్పు ఏ విధముగా జరిగినదో, ఎవరి చేతులమీదుగా జరిగినదో తెలుపుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఈ సీమ చరిత్రను శ్రద్ధగా చదివినవారికి ఒక విషయము స్పష్టముగా గోచరించును: ఇక్కడి స్త్రీలకు అధికారము సర్కారు ఉత్తర్వుతో మొదలు కాలేదు. వారు ముందు బాధ్యతను నెత్తిన వేసికొనిరి. కుర్చీ చాల ఆలస్యముగా, ఒక్కొక్కప్పుడు రెండు తరముల తరువాత, వారి వద్దకు వచ్చినది.

ఈ తీరమున స్త్రీకి పని కొరత ఏనాడును లేదు. మాగాణులలో నాట్లు, కలుపులు, కోతలు ఆమె చేతులతోనే సాగినవి. సముద్రపుటొడ్డు పల్లెలలో మగవారు వేటకు పోయి తెచ్చిన చేపలను గంపకెత్తుకొని ఊరూర తిరిగి అమ్మి, ఆ పైకముతో సంసారమును ఈదినది ఆమెయే. ధాన్యపు గాదె తాళపు చెవి ఆమె కొంగున నుండెను. ‘ఇంటి పెత్తనము’ అని మనవారు చెప్పుకొను ఆ అధికారము చిన్నది కాదు. కాని అది గడప లోపలి అధికారము. గడప దాటినచో, కులపెద్దలు కూర్చుండి తగవు తీర్చు రచ్చబండ యొద్ద గాని, కరణము, మునసబు కూర్చుండు చావడి యొద్ద గాని ఆమె మాటకు చోటు లేకుండెను. కరణీకము తండ్రినుండి కుమారునకు సంక్రమించెడిది. లెక్కలలో ఎంత నేర్పరియైనను కుమార్తెకు సంక్రమింపలేదు.

గడప దాటించు మొదటి దారి బడి. నెల్లూరు పట్టణమున 1840లో నెలకొన్న అమెరికా బాప్టిస్టు మిషనువారు బాలికలకును చదువు చెప్పించిరి. ఆ కాలమున ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు గాని అది వేరుపడలేదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండపై ప్రార్థనకై చేరిన ఐదుగురి పేర్లను మిషను చరిత్రకారులు ఆదరముతో తలచుకొందురు: జూయెట్ దంపతులు, క్రైస్తవ నరసు, జూలియా, రూతు. ఐదుగురిలో మువ్వురు స్త్రీలు. వారిలో ఇరువురు ఈ దేశపు స్త్రీలు. ఒక సంస్థ పుట్టుకను చెప్పు కథలో తెలుగునాటి సామాన్య స్త్రీల పేర్లు పురుషుల పేర్ల సరసన నిలుచుట ఆ దినములలో అరుదైన సంగతి.

అయినను ఆడపిల్లల బడి అనగానే ఒక చిక్కు ఎదురయ్యెడిది. ఈడు వచ్చిన బాలికను పురుషుడు పాఠము చెప్పు బడికి పంపుటకు తల్లిదండ్రులు ఒప్పుకొనరు. స్త్రీ ఉపాధ్యాయులు కావలెనన్నచో ముందు చదివిన స్త్రీలుండవలెను. చదివిన స్త్రీలుండవలెనన్నచో బాలికలు బడికి రావలెను. 1882లో హంటరుగారి అధ్యక్షతన కూర్చుండిన విద్యావిచారణ సంఘము ఈ చిక్కును గుర్తించి, బాలికల విద్యకు ప్రత్యేకముగా ధనసహాయము చేయవలెననియు, బాలికల పాఠశాలలను తనిఖీ చేయుటకు స్త్రీలనే నియమింపవలెననియు సూచించినది. మద్రాసు రాజధానిలో ఇన్స్పెక్ట్రెస్ అను ఉద్యోగము స్థిరపడినది అట్లే. సర్కారు కొలువులో స్త్రీకి దొరికిన తొలి పెద్ద ఉద్యోగములలో ఇదియొకటి యగుట గమనింపదగినది. స్త్రీ పాలించుట కావలెనని కోరి ఆ పదవిని ఇచ్చినవారు లేరు. ఆ గుమ్మములోనికి పురుషుడు పోరాదు గనుక ఇచ్చిరి. కారణమేదైనను, తలుపు తెరువబడినది.

ఈ తలుపును నెల్లూరు సీమలో బార్లగా తెరచిన పుణ్యాత్మురాలు పొణకా కనకమ్మగారు. 1892లో మినగల్లు గ్రామమున జన్మించి, పదియేండ్లు నిండకమునుపే పొట్లపూడికి కోడలై వచ్చిన ఆమె బడిలో చదివి యెరుగరు. కలిగిన రైతు కుటుంబపు కోడలికి చదువుతో పనియేమని లోకమనుకొను ఆ కాలములో, ఇంటిపట్టున నుండియే ఆమె తెలుగును, సంస్కృతమును, హిందీని స్వయంకృషితో సాధించిరి. 1907లో బిపిన చంద్రపాలుడు ఆంధ్రదేశమున పర్యటించుచు నెల్లూరికి వచ్చినప్పుడు ఆ ఉపన్యాసములు రేపిన వేడి పదునైదేండ్ల ఈ ఇల్లాలి మనస్సును తాకినది. తరువాత కొలది యేండ్లకే పొట్లపూడిలో సుజనరంజనీ సమాజమును, దానికి చేరిన గ్రంథాలయమును నెలకొల్పి, పల్లెలో చదువును, హరిజన సేవను ఆమె తన వ్రతముగా చేసికొనిరి.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. గ్రంథాలయమును నడపుట యనగా పుస్తకములను వరుసగా పేర్చుట మాత్రమే కాదు. చందా వసూలు చేయవలెను, జమాఖర్చు వ్రాయవలెను, సభ పిలువవలెను, పెద్దకులమువారిని, చిన్నకులమువారిని ఒకచోట కూర్చుండబెట్టుటకు వాదింపవలెను. చావడిలో కరణము చేయు పని కొంత, రచ్చబండ యొద్ద పెద్దలు చేయు పని కొంత ఇందులో కలదు. ఎవరును ఇవ్వని పదవికి కావలసిన నేర్పునంతయు కనకమ్మగారు ఈ పల్లెటూరి సమాజములో సంపాదించుకొనిరి.

1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీ మహాత్ముడు పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్యగారు నడపిన ఆ ఆశ్రమమునకు కనకమ్మగారు భూమినిచ్చి వెన్నుదన్నుగా నిలిచిరి. అదే సంవత్సరమున మద్రాసు రాజధానిలో ఆస్తి మొదలగు అర్హతలు గల స్త్రీలకు ఓటు హక్కు లభించినది. ఒకవైపు శాసనము కొందరు స్త్రీలకు చీటి వేయు హక్కు నిచ్చుచుండగా, మరొకవైపు పెన్న ఒడ్డున రాట్నము త్రిప్పుచున్న స్త్రీలు ఆ శాసనమును చేయు ప్రభుత్వమునే ఎదిరించుటకు సిద్ధమగుచుండిరి.

1923లో కనకమ్మగారు నెల్లూరిలో బాలికలకై శ్రీ కస్తూరిదేవీ విద్యాలయమును స్థాపించిరి. మహాత్ముని ధర్మపత్ని పేరు పెట్టిన ఆ పాఠశాల పరాయి పాలకుల చదువునకు బదులుగా స్వదేశీ భావములతో బాలికలను తీర్చిదిద్దుటకు పుట్టినది. 1922లో గుంటూరున ఉన్నవ దంపతులు శారదానికేతనమును నెలకొల్పియుండిరి. కాకినాడలో దుర్గాబాయి బాల్యముననే బాలికలకు హిందీ నేర్పు పాఠశాలను నడపెను. ఈ మూడును ఇంచుమించు ఒకే కాలమున తీరాంధ్రమున మొలచుట కాకతాళీయము కాదు. సర్కారు బడులను విడువుడని జాతీయోద్యమము పిలుపునిచ్చినప్పుడు, విడిచినవారు ఎక్కడికి పోవలెనన్న ప్రశ్నకు ఈ స్త్రీలు సమాధానమును కట్టి చూపించిరి.

1929లో గాంధీ మహాత్ముడు మరల నెల్లూరికి వచ్చినప్పుడు విద్యాలయ భవనమునకు శంకుస్థాపన చేసెను. శంకుస్థాపన ఒక్క దినపు పండుగ. బడి నడపుట ప్రతిదినపు తపస్సు. సర్కారు గ్రాంటును ఆశింపని పాఠశాలకు నెల తిరుగునప్పటికి ఉపాధ్యాయినుల జీతము చేతికందవలెను. పెండ్లి యీడని పిల్లను మాన్పింపబోవు తల్లికి నచ్చజెప్పవలెను. దాతల యిండ్ల చుట్టు తిరుగవలెను. కనకమ్మగారు తన సొంత ఆస్తిని కరగించి ఈ భారమును మోసిరి. ఒక పాఠశాలకు పెద్దగా నుండుట యన్న మాటకు నెల్లూరి ప్రజలు అర్థము నేర్చుకొన్నది ఆమెను చూచియే.

మరుసటి యేడు ఉప్పు సత్యాగ్రహము వచ్చినది. నెల్లూరికి దాపునగల మైపాడు సముద్రతీరమున సత్యాగ్రహులు ఉప్పు వండిరి. తరతరములుగా సముద్రపు నీటిని మళ్లలో ఎండగట్టి ఉప్పు తీసిన ఈ తీరమున, దోసెడు ఉప్పు తీయుట నేరమను శాసనమెంత అన్యాయమైనదో ఎవరికిని వివరింపనక్కరలేకపోయెను. కనకమ్మగారు 1930లోను, 1932లోను నిర్బంధింపబడి రాయవెల్లూరు చెరసాలలో శిక్షననుభవించిరి. ప్రధానోపాధ్యాయిని స్థానమున నుండదగినామె ఖైదీ యగుట పాఠశాలకు గొప్ప దెబ్బ. కాని వీధిలో మర్యాదగల కుటుంబపు స్త్రీ పోలీసుల వెంట తలయెత్తుకొని నడచిపోవుట చూచిన బాలికలు నేర్చుకొన్న పాఠము ఏ వాచకములోను లేదు. జమీందారీ రైతుల పక్షమున వెలువడిన ‘జమీన్ రైతు’ పత్రిక స్థాపనలోను ఆమె చేయి కలదు. 1963లో ఆమె స్వర్గస్థురాలైనది. ఆమె స్వీయచరిత్ర ‘కనకపుష్యరాగం’ గ్రంథరూపమున 2011లో గాని వెలుగు చూడలేదు. ఇంతటి స్త్రీ తన కథను తాను వ్రాసికొన్నను, తెలుగువారు దానిని చదువుకొనుటకు అర్ధశతాబ్దము పట్టినదన్నచో, ఆ ఆలస్యమే ఒక సాక్ష్యము.

బడిలో తెరచుకొన్న తలుపు కచేరీలో అంత సులభముగా తెరచుకొనలేదు. 1927లో ముత్తులక్ష్మీ రెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో ప్రవేశించి ఉపాధ్యక్షురాలై, సభాపీఠముపై స్త్రీ కూర్చుండగలదని చూపిరి. 1950లో రాజ్యాంగము ప్రభుత్వోద్యోగమున స్త్రీ పురుష భేదము పాటింపరాదని శాసించెను. 1951లో అన్నా రాజం గారు, తరువాత మల్హోత్రాగా ప్రసిద్ధులైనవారు, మద్రాసు రాష్ట్రమున ఐ.ఎ.ఎస్. ఉద్యోగములో చేరిరి, నెల్లూరు అప్పటికింకను ఆ రాష్ట్రములోనిదే. అయినను 1954లో చేసిన నియమములలో, పెండ్లియాడిన స్త్రీ అధికారిణిని రాజీనామా చేయుమని కోరు అధికారము సర్కారు తన చేతిలో నుంచుకొన్నది. విదేశాంగ శాఖలో ఇటువంటి నిబంధనలపై ఆ శాఖ అధికారిణి ముత్తమ్మగారు సుప్రీంకోర్టుకెక్కగా, 1979లో న్యాయస్థానము ఆ వైఖరిని తీవ్రముగా తప్పు పట్టెను. రాజ్యాంగమున వ్రాసిన మాట కచేరీ మేజాపైకి చేరుటకు ముప్పది సంవత్సరములు పట్టినది.

ఈ నడుమ నెల్లూరు పట్టణమున విద్యాక్షేత్రము మాత్రము తన పని తాను చేసికొనుచునేయున్నది. దొడ్ల కౌసల్యమ్మ పేరిట నెలకొన్న ప్రభుత్వ మహిళా కళాశాల నుండి ఏటేట పట్టభద్రులు వెలువడిరి. 1983లో తిరుపతిలో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము వెలసినది. 1984లో రాష్ట్ర ప్రభుత్వము రెండు పనులు చేసినది. వంశపారంపర్యముగా నడచుచుండిన కరణము, మునసబు ఉద్యోగములను రద్దు చేసినది. ప్రభుత్వోద్యోగములలో నూటికి 30 వంతున స్త్రీలకు ప్రత్యేకించినది. కుమార్తెకు రాని కరణీకము అంతమైన యేటనే కుమార్తెకు కొలువులో వాటా ఏర్పడినది. దీనిని కొందరు న్యాయస్థానమున ప్రశ్నింపగా, 1995లో సుప్రీంకోర్టు ఆ నియమమును సమర్థించెను. నేడు మండల కార్యాలయములలో, బడులలో, ఆస్పత్రులలో సంతకము పెట్టు స్థానములలో స్త్రీలు కనబడుటకు ఈ నియమము బలమైన పునాది.

అయితే నెల్లూరు సీమ స్త్రీలు దేశమునకు నేర్పిన అసలు పాఠము దూబగుంటలో వ్రాయబడినది. 1990 ప్రాంతమున జిల్లాలో అక్షరదీపము పేరిట సంపూర్ణ అక్షరాస్యతోద్యమము నడచినది. పగలంతయు కూలిపని చేసిన స్త్రీలు రాత్రివేళ లాంతరు వెలుగున పలక పట్టిరి. వారి వాచకములోని ‘సీతమ్మ కథ’ సారాకు బలియైన సంసారపు కథ. అది చదివినవారికి తమ ఇండ్లే జ్ఞప్తికి వచ్చినవి. కలిగిరి ప్రాంతపు దూబగుంటలో వర్ధినేని రోశమ్మ మొదలగువారు ఒక్కటై ఊరికి వచ్చు సారాను అడ్డగించి, దుకాణమును మూయించిరి. ఆ కథ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అను పాఠమై తరువాతి వాచకములో చేరగా, దానిని చదివిన పల్లెలన్నియు కదలినవి. పాఠము ఉద్యమమైనది, ఉద్యమము మరల పాఠమైనది.

వారెదిరించినది తాగుబోతు భర్తలను మాత్రమే కాదు. సారా అమ్మకము సర్కారు బొక్కసమునకు పెద్ద రాబడి. ‘వారుణి వాహిని’ యని పేరుపెట్టి ప్రభుత్వమే దానిని సరఫరా చేయించిన కాలమది. 1992లో నెల్లూరులో సారా వేలముపాటలు జరుగవలసిన చోటికి స్త్రీలు గుంపులుగా వచ్చి అడ్డుకొనగా, అధికారులు పాటలను పదేపదే వాయిదా వేయవలసివచ్చెను. కచేరీ మెట్లెక్కి అర్జీ పెట్టుకొనుటకే జంకు స్త్రీలు, కచేరీ పనినే నిలిపివేసిరి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము రెండేండ్లు మాత్రమే నిలిచినను, ఆ స్త్రీలు సంపాదించుకొన్న ధైర్యమును ఏ ప్రభుత్వమును వెనుకకు తీసికొనలేకపోయినది. సారాకు పోవు డబ్బు నిలిచిన చోట, రోజుకొక రూపాయి చొప్పున దాచుకొను పొదుపు లక్ష్మి సంఘములు వెలసినవి. సంఘపు పుస్తకము వ్రాయుట, బ్యాంకుకు పోయి అధికారితో మాటలాడుట, అప్పు ఎవరికి ముందియ్యవలెనో తీర్పు చెప్పుట స్త్రీల నిత్యకృత్యములైనవి.

నెల్లూరు జిల్లాలో సారా నిలిచిన తొమ్మిది దినములకు, అనగా 1993 ఏప్రిల్ 24న, 73వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చి, పంచాయతీలలో మూడవ వంతు స్థానములను స్త్రీలకు ప్రత్యేకించెను. ఈ రెండు తేదీలను పక్కపక్కన నుంచి చూచినప్పుడు నాకు కలుగు సంతోషమింతంత కాదు. ఢిల్లీలో శాసనకర్తలు స్త్రీకి గ్రామపీఠమును ఇచ్చుచున్నామని తలచుచున్న ఆ దినములలోనే, ఇక్కడి స్త్రీలు ఆ పీఠమునకు తగినవారమని రుజువు చేసి కూర్చుండియుండిరి. 2011లో ఆంధ్రప్రదేశ్ శాసనము ఆ వాటాను సగమునకు పెంచెను. లోకసభకు సైతము 1996, 1998 సంవత్సరములలో పనబాక లక్ష్మిగారిని, 1999లో వుక్కల రాజేశ్వరమ్మగారిని, 2004లో మరల పనబాక లక్ష్మిగారిని నెల్లూరు నియోజకవర్గము ఎన్నుకొన్నది. వరుసగా నాలుగు ఎన్నికలలో ఒక నియోజకవర్గము స్త్రీలనే పంపుట మన దేశమున అంతటను కనబడు సంగతి కాదు.

ఇంతవరకు చెప్పినది గర్వింపదగిన చరిత్ర. కాని నిజము చెప్పవలెనన్నచో, సర్పంచమ్మ అను మాటకు కొత్త అర్థము ఇంకను పూర్తిగా కుదురుకొనలేదు. పెక్కు పల్లెలలో పంచాయతీ కుర్చీలో భార్య పేరును, ఆ కుర్చీ పక్కన భర్త కంఠమును వినబడుచున్నవి. ఆమె సంతకము చేయును, ఆయన నిర్ణయించును. బడిలో ప్రధానోపాధ్యాయిని చెప్పిన మాటను సంఘపు పెద్దలు మరల ఒక పురుషుని నోట వినినగాని నమ్మని చోట్లును కలవు. ఇది పాత కరణమ్మ కథకు తలక్రిందుల రూపము: నాడు ఆయన పదవిచేత ఆమెకు పేరు వచ్చెడిది, నేడు ఆమె పదవిచేత ఆయనకు పెత్తనము వచ్చుచున్నది. రిజర్వేషను కుర్చీని ఇయ్యగలదు. కుర్చీలో కూర్చున్నామె నోట మాట పెగలుటకు చదువు కావలెను, తోటి స్త్రీల అండ కావలెను, ఇంటివారు ఒకడుగు వెనుకకు జరుగవలెను.

కనకమ్మగారికి ఈ మూడింటిలో మొదటిది ఎవరును ఇవ్వలేదు. ఆమె స్వయముగా సంపాదించి ఇతరులకు పంచిరి. దూబగుంట స్త్రీలకు మొదటిది లాంతరు వెలుగున దొరికినది, రెండవదానిని వారే కూర్చుకొనిరి. మూడవది మాత్రము పురుషులు ఇయ్యవలసినది. నెల్లూరు సీమలో భార్యను గాని, కుమార్తెను గాని, కోడలిని గాని పదవికి నిలుపు ప్రతి కుటుంబమునకును నా విన్నపమొక్కటే: ఆమె పేరిట వచ్చిన కాగితమును ముందు ఆమెయే చదువునట్లు చూడుడు, ఆమె చదివి, ఆలోచించి, సంతకము పెట్టువరకు మీరు వాకిట వేచియుండుడు.